అంగడి బాడుగ కరారులో నడిమి విడుపు షరతు



నేడు నేను చెప్పబోవు విషయము అంగళ్లు, గిడ్డంగులు, హోటళ్లు మొదలగు వ్యాపార స్థలములను బాడుగకు ఇచ్చి పుచ్చుకొనునపుడు వ్రాసికొను కరారులకు సంబంధించినది. అందును ఒక్క షరతును గూర్చియే విశేషముగా ప్రసంగించెదను. కరారు గడువు తీరకమునుపే స్థలమును విడిచిపోవుటకు గాని, విడిపించుకొనుటకు గాని ఎవరికి ఎట్టి హక్కు కలదో ఆ షరతు తెలుపును. దానిని నడిమి విడుపు షరతు అని పిలిచెదను.

ఇది పట్టణములోని వర్తకుల గొడవ, పల్లెవారికి దీనితో పనియేమి అని తలపవలదు. చిత్తూరినుండి తిరుపతికిని, తిరుపతినుండి రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తికిని పోవు బాటల వెంబడి ఒకప్పుడు వరియు చెఱకును పండిన కయ్యలలో నేడు గిడ్డంగులు, పెట్రోలు బంకులు, కల్యాణ మండపములు లేచినవి. వాటి నేల పెక్కు చోట్ల పల్లె కుటుంబములదే. మఱియొక ప్రక్క మన పిల్లలు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పరిసరములందో, బస్సు స్టాండు దగ్గరనో అంగడి బాడుగకు తీసికొని బ్రతుకుదెరువు వెదకికొనుచున్నారు. అడ్వాన్సుగా కట్టిన సొమ్ము తండ్రి అమ్మిన ఎద్దులదో, తల్లి తాకట్టు పెట్టిన నగలదో అయి యుండును. ఈ రెండు విధముల కాగితములును సంతకమునకు ముందు ఊరి పెద్దల చేతికి వచ్చును. “పెదనాయనా, ఒకమాఱు చదివి చూచి సాక్షి సంతకము చేయుము” అని అడుగుదురు. అట్లు అడిగినపుడు ఏ మాటను వెదకి చూడవలెనో తెలుపుటయే నా ఉద్దేశము.

ముందుగా చట్టమేమి చెప్పుచున్నదో చూతము. స్థిరాస్తులను బాడుగకును గుత్తకును ఇచ్చుటకు మూలమైనది 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము. ఇరువురును ఇన్ని యేండ్లకని గడువు పెట్టి వ్రాసికొన్న పిమ్మట ఆ గడువు ఇరువురను కట్టివేయును. బాడుగదారు తనకు బేరము సాగలేదని నడుమ తప్పుకొనజాలడు. యజమానియు ఎక్కువ బాడుగ ఇచ్చువాడు దొరకెనని వెళ్లగొట్టజాలడు. గడువు తీరకమునుపు ఈ బంధము తెగుటకు ముఖ్యముగా మూడు దారులు కలవు. ఇరువురును ఒప్పుకొని విడిపోవుట ఒకటి. కరారులోని ముఖ్యమైన షరతును బాడుగదారు మీఱుటచే అతని హక్కు పోవుట రెండవది. నడుమ విడిచిపోవు హక్కు కరారులోనే వ్రాసి యుండుట మూడవది. ఈ మూడవదియే మనము చెప్పుకొనుచున్న షరతు.

ఇక్కడ జనులలో ఒక అపోహ కలదు. ఏ కరారైనను సరే, ఒక నెల ముందు నోటీసు ఇచ్చినచో చాలునని పెక్కుమంది నమ్మియున్నారు. అది నిజము కాదు. ఆ చట్టములోని 106వ సెక్షను నోటీసును గూర్చి చెప్పుచున్నది. గడువును గూర్చి వేఱు ఒప్పందము గాని, స్థానిక చట్టము గాని, ఆచారము గాని లేనప్పుడు, అంగడి వంటి స్థలముల బాడుగ నెలనెలకు సాగునదిగా ఎంచబడును. దానిని 15 దినముల నోటీసుతో ముగింపవచ్చును. వ్యవసాయమునకో, సరకు తయారుచేయు పరిశ్రమకో ఇచ్చినది ఏటేటికి సాగునదిగా ఎంచబడును. దానికి 6 నెలల నోటీసు కావలెను. 2002 డిసెంబరు 31 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, ఈ దినములను నోటీసు ఎదుటివానికి అందిన నాటినుండి లెక్కింపవలెను. ఐదేండ్లకో తొమ్మిదేండ్లకో చెల్లుబాటగు కరారు ఉన్నచోట ఈ 15 దినముల మాటకు తావు లేదు.

చెల్లుబాటగు కరారు అంటిని. ఆ మాటను కొంచెము విప్పి చెప్పవలసి యున్నది. ఒక యేటికి మించిన గడువు గల గుత్తను రిజిస్టరు చేయింపవలెనని 1882వ సంవత్సరపు చట్టములోని 107వ సెక్షనును, 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములోని 17వ సెక్షనును విధించుచున్నవి. తొమ్మిదేండ్లకు వ్రాసికొని, ఖర్చు దండుగయని రిజిస్టరు చేయింపక పెట్టెలో దాచినచో, ఆ కాగితములోని గడువును కోర్టులో నిలబెట్టుకొనుట సాధ్యము కాదు. 2016లో సుప్రీం కోర్టు ఇట్టి వ్యవహారమందే, రిజిస్టరు కాని పత్రములోని షరతులను ఆధారము చేసికొనుట చెల్లదనియు, ఆ బాడుగ నెలనెలకు సాగునదే యనియు, 15 దినముల నోటీసు చాలుననియు తీర్పు చెప్పినది. రిజిస్ట్రేషను ఖర్చు మిగిలినదని సంతోషించిన యజమాని తొమ్మిదేండ్ల భరోసాను పోగొట్టుకొనును. పెక్కు కరారులు 11 నెలలకే వ్రాయబడుటకు కారణమును ఇదియే. పదునొకండు నెలల కాగితము కొద్దిపాటి గదికి చాలవచ్చును. అప్పు తెచ్చి కట్టిన గిడ్డంగికి చాలదు.

ఇప్పుడు యజమాని పక్షమున ఒక లెక్క చెప్పెదను. ఒక రైతు బాట ప్రక్కనున్న నేలలో 15 లక్షల రూపాయలు బ్యాంకులో అప్పు చేసి, ఒక కంపెనీ కోరిన కొలతలకు గిడ్డంగి కట్టెననుకొందము. బాడుగ నెలకు 25,000 రూపాయలు. గడువు 9 యేండ్లు, అనగా 108 నెలలు. మొత్తము 27 లక్షలు వచ్చును. వడ్డీతో కూడ అప్పు తీరునని రైతు ధైర్యము. కాని కంపెనీవారు వ్రాసి తెచ్చిన పత్రములో ఏడవ పుటలోనో ఎనిమిదవ పుటలోనో ఇట్లుండును: “బాడుగదారు ఎప్పుడైనను కారణము చెప్పకయే 3 నెలల నోటీసు ఇచ్చి ఖాళీ చేయవచ్చును. యజమానికి గడువు తీరువఱకు ఖాళీ చేయించు హక్కు లేదు.” ఇట్టి షరతు చట్టవిరుద్ధము కాదు. ఇరువురును ఒప్పుకొని సంతకము చేసినచో చెల్లును. అయితే దాని ఫలితమేమి? కాగితము మొదటి పుటలో 9 యేండ్లని యున్నను, రైతుకు నిజముగా దక్కు భరోసా 3 నెలలది మాత్రమే. అనగా 75,000 రూపాయలు. కంపెనీకి మాత్రము 9 యేండ్ల భరోసా కలదు.

దీనికి విరుగుడుగా వ్రాసికొనునది కట్టుబాటు గడువు. పట్టణములలో దీనినే లాకిన్ అని పిలుచుచున్నారు. మొదటి ఇన్ని యేండ్లు ఎవరును విడిచిపోరాదు, ఆ తరువాతనే నోటీసు హక్కు పుట్టును అని దాని భావము. పై ఉదాహరణములో 3 యేండ్ల కట్టుబాటు ఉన్నదనుకొన్నను, గట్టిగా వచ్చునది 36 నెలల బాడుగ, అనగా 9 లక్షలు. అంతయు అప్పునకే కట్టినను ఇంకను 6 లక్షల అసలును, వడ్డీయు మిగిలిపోవును. కాబట్టి పెద్దలు అడుగవలసిన ప్రశ్న ఇది: కట్టుబాటు గడువునకును అప్పు తీరు గడువునకును పొంతన కలదా?

కంపెనీ అంత కాలమునకు ఒప్పుకొననిచో మఱియొక ఉపాయము కలదు. వారి కోరికపై ప్రత్యేకముగా చేసిన పనుల ఖర్చును వేఱుగా లెక్కగట్టి, దానిని యేండ్లకు పంచవలెను. ఆ ఖర్చు 3 లక్షలనియు, దానిని 6 యేండ్లకు పంచుకొన్నారనియు తలంతము. ఏటికి 50,000 చొప్పున తగ్గును. నాలుగవ యేటి చివర కంపెనీ పోయినచో మిగిలిన 1 లక్ష చెల్లించి పోవలెను. ఆఱేండ్లు నిలిచినచో ఏమియు చెల్లింపనక్కఱ లేదు. ఇది ఇరువురకును న్యాయమైన పద్ధతి.

ఇక అంగడి తీసికొనువాని పక్షము. ఒక యువకుడు తిరుపతిలో నెలకు 15,000 బాడుగకు అంగడి తీసికొని, ఒకటిన్నర లక్ష అడ్వాన్సు కట్టెననుకొందము. కట్టుబాటు గడువు 3 యేండ్లు. పది నెలలు గడచుసరికి బేరము చతికిలబడినది. “నడుమ పోయినచో మిగిలిన నెలల బాడుగయంతయు చెల్లింపవలెను, అడ్వాన్సు తిరిగి ఈయబడదు” అని కాగితములో నున్నది. మిగిలినవి 26 నెలలు. బాడుగ 3,90,000 రూపాయలు. పైగా అడ్వాన్సు పోవును. ఇంతయు కట్టవలసినదేనా?

ఇందుకు 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టములోని 74వ సెక్షను సమాధానము చెప్పుచున్నది. ఒప్పందము తప్పినవాడు ఇంత ఇచ్చుకొనవలెనని ముందే ఒక మొత్తము వ్రాసికొన్నను, కోర్టు ఇప్పించునది ఆ మొత్తమునకు మించని సమంజసమైన పరిహారము మాత్రమే. ఈ సూత్రము ముందుగా కట్టిన సొమ్మును జప్తు చేసికొను షరతునకు కూడ వర్తించునని 1963లో సుప్రీం కోర్టు నిర్ణయించినది. మఱియు నష్టమును తగ్గించుకొనుటకు యజమానికి గల అవకాశమును లెక్కలోనికి తీసికొనవలెనని 73వ సెక్షను వివరణము చెప్పుచున్నది. యజమాని రెండు నెలలలోనే అదే బాడుగకు మఱియొకనికి ఇచ్చినచో, అతనికి బాడుగ రూపమున కలిగిన నష్టము 30,000 రూపాయలు, దానితోపాటు బేరగానికిచ్చినది, సున్నము కొట్టించినది వంటి ఖర్చులు. అట్టివాడు 3,90,000 రాబట్టుకొనుట కష్టము.

అయినను దీనిని నమ్ముకొని కనులు మూసికొని సంతకము చేయరాదు. అడ్వాన్సు యజమాని చేతిలో నుండును. కోర్టుకెక్కి దానిని తిరిగి తెచ్చుకొను భారము బాడుగదారుపై బడును. ఆ యువకునికి అంత ఓపికయు, వకీలుకిచ్చుటకు సొమ్మును ఉండునా? కావున నడుమ పోవువాడు ఎన్ని నెలల బాడుగ విడిచిపెట్టవలెనో, మిగిలిన అడ్వాన్సు ఎన్ని దినములలో తిరిగి రావలెనో, ఆలస్యమైనచో వడ్డీ ఎంతో ముందే వ్రాసికొనుట మేలు. రెండు మూడు నెలల బాడుగయని ఒప్పుకొన్నచో యజమానికి క్రొత్తవాని వెదకుటకు వ్యవధి దొరకును. పిల్లవాడును మునిగిపోడు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన ఒక విషయము ఇచ్చట చెప్పవలసి యున్నది. తిరుపతిలోని వ్యాపారమునకు యాత్రికులే ప్రాణము. 2020 మార్చి 20న కరోనా వ్యాధి కారణముగా తిరుమలలో భక్తుల దర్శనము నిలుపబడినది. జూన్ 8న దేవస్థానపు ఉద్యోగులతో మొదట పరీక్షగా తెఱచి, జూన్ 11 నుండి సామాన్య భక్తులను పరిమిత సంఖ్యలో అనుమతించిరి. రెండున్నర నెలలకు పైగా కొండకు యాత్రికులు లేరు. యాత్రికులు లేనిదే పూజాసామగ్రి, బొమ్మలు, భోజనము, బస అమ్ముకొనువారికి బేరమెక్కడిది? అంగడి మూతబడియున్నను బాడుగ కట్టవలెనా, కరారును విడిచి పోవచ్చునా అన్న ప్రశ్న అప్పుడు దేశమంతట పుట్టినది.

1882వ సంవత్సరపు చట్టములోని 108వ సెక్షను ఒక మినహాయింపు ఇచ్చుచున్నది. అగ్ని, తుఫాను, వఱద, మూకల దౌర్జన్యము మొదలగు అణచరాని శక్తివలన స్థలములో ముఖ్యభాగము పూర్తిగా నాశనమైనను, లేక ఇచ్చిన పనికి శాశ్వతముగా పనికిరాకపోయినను, బాడుగదారు కోరినచో కరారు రద్దగును. అంగడి గోడలు చెక్కుచెదరక నిలిచి, కొన్నాళ్లు తలుపు మూతబడియున్నంత మాత్రమున ఈ మినహాయింపు వర్తింపదు. 2020 మే 21న ఢిల్లీ హైకోర్టు, అక్కడి ఖాన్ మార్కెట్టులోని ఒక అంగడి విషయమై ఇట్లే తీర్పు చెప్పినది. బాడుగను నిలుపుదల చేయ నిరాకరించి, చెల్లించు వాయిదాలలో మాత్రము కొంత సడలింపు ఇచ్చినది. ఒప్పందము నెరవేర్చుట అసాధ్యమైనచో అది రద్దగునని చెప్పు ఒప్పందముల చట్టములోని 56వ సెక్షను, ఒకసారి స్వాధీనపఱచిన గుత్తలకు వర్తింపదని 1968లోనే సుప్రీం కోర్టు చెప్పియున్నది. 2021 నవంబరులో తిరుపతి వీధులలో వఱద నీరు పొంగి పాఱినప్పుడును ఇదే సూత్రము. అంగడి కూలిపోయినచో కరారు విడువవచ్చును. నీరు రెండు దినములు నిలిచి తీసిపోయినచో, సరకు నష్టమైనను బాడుగ తప్పదు.

ఆ తీర్పులోనే ఒక దారి కూడ కనబడుచున్నది. ఇట్టి ఆపదకు కరారులోనే ఏర్పాటు ఉన్నయెడల ఆ ఏర్పాటే నడచును. కాబట్టి యాత్రికులపై ఆధారపడిన అంగడికి ఇట్లు వ్రాసికొనవచ్చును: “తిరుమల దర్శనము ప్రభుత్వపు ఉత్తరువు వలన గాని, దేవస్థానపు ఉత్తరువు వలన గాని వరుసగా 30 దినములకు మించి నిలిచిపోయినచో, ఆ పై దినములకు సగము బాడుగ మాత్రమే చెల్లింపవలెను. 90 దినములకు మించినచో ఉభయులలో ఎవరైనను 15 దినముల నోటీసుతో, పరిహారము లేకుండ కరారును ముగింపవచ్చును.” ఈ అంకెలను ఉభయులు తమకు తగినట్లు మార్చుకొనవచ్చును. రెండు వాక్యముల వ్రాత మూడేండ్ల వ్యాజ్యమును తప్పించును.

బాడుగదారు షరతు మీఱినపుడు యజమాని ఏమి చేయవలెనన్నది తరువాతి విషయము. బాడుగ ఎగవేసినంత మాత్రమున కరారు తనంతట తానే రద్దు కాదు. ఇట్టి తప్పు చేసినచో యజమాని స్థలమును తిరిగి స్వాధీనము చేసికొనవచ్చునని పత్రములో ఉండవలెను. పిమ్మట వ్రాతమూలకముగా నోటీసు ఈయవలెను. ఇదియంతయు 111వ సెక్షను. వ్యాజ్యము నడచునపుడు బాడుగదారు బాకీని వడ్డీతోను ఖర్చులతోను కట్టినచో, కోర్టు అతనిని క్షమించి కొనసాగనీయవచ్చునని 114వ సెక్షను. షరతు మీఱినాడని తెలిసియు, ఆ తరువాతి కాలమునకు బాడుగ పుచ్చుకొన్నచో, యజమాని ఆ తప్పును మన్నించినట్లు ఎంచబడునని 112వ సెక్షను. కావున నోటీసు ఇచ్చి మరల ఎప్పటివలె బాడుగ తీసికొనుచు కూర్చుండుట తగదు. వకీలు సలహాతో మాత్రమే తీసికొనవలెను.

కోపము వచ్చినను యజమాని తానే పోయి అంగడికి తాళము వేయరాదు, సరకును వీధిలో పడవేయరాదు. చట్టప్రకారము గాక బలవంతముగా స్వాధీనము పోగొట్టుకొన్నవాడు, 1963వ సంవత్సరపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టములోని 6వ సెక్షను క్రింద 6 నెలలలోపల దావా వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చును. అప్పుడు యజమాని హక్కుదారుడేయైనను ఓడిపోవును. అట్లే ఆస్తిని అమ్మినంతనే బాడుగ కరారు తెగునని భ్రమపడరాదు. కొనినవాడు పాత యజమాని స్థానములోనికి వచ్చును. కరారు కొనసాగును. అమ్మునపుడు ఖాళీ చేయించు హక్కు కావలెనన్నచో దానిని కూడ ముందే వ్రాసికొనవలెను.

అంగడి అద్దె అని వాడుకలో పిలుచు వాటిలో కొన్ని నిజముగా బాడుగలు గావు. కేవలము ఒక చోట కూర్చుండి అమ్ముకొనుటకు ఇచ్చిన అనుమతిని 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టము లైసెన్సు అనుచున్నది. ఇందు స్థలముపై హక్కు పుట్టదు. ఇచ్చినవారు సామాన్యముగా దానిని రద్దు చేయవచ్చును. కాగితముపై పేరు ఏదైనను, ఇరువురి ఉద్దేశమును బట్టియే అది బాడుగయో లైసెన్సో తేల్చవలెనని 1959లో సుప్రీం కోర్టు చెప్పినది. వేలములో అంగడి పాడుకొనువారు తమకు దక్కినది ఏదో ముందు తెలిసికొని, పిమ్మట పెట్టుబడి పెట్టవలెను.

కరారుతో పాటు బాడుగ నియంత్రణ చట్టములు కూడ కలవని మఱువరాదు. 1953 అక్టోబరు 1 వఱకు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రములో నుండుటచే అచ్చటి 1949వ సంవత్సరపు చట్టము మనకు వర్తించుచుండెను. పిదప ఆంధ్ర ప్రదేశమునకు 1960లో ఒక చట్టమును, 2017లో నివాస, నివాసేతర గృహములకు మఱియొక చట్టమును చేయబడినవి. మీ కట్టడమునకు ఏది వర్తించునో వ్రాతకు ముందే వకీలును అడుగుడు.

పెద్దలారా, కాగితము మీ చేతికి వచ్చినపుడు సాక్షి సంతకమునకు ముందు ఆఱు ప్రశ్నలు అడుగుడు. నడుమ విడుచు హక్కు ఒకరికేనా, ఇరువురకునా? కట్టుబాటు గడువు ఎంత, అది పెట్టుబడికి తగినదేనా? నోటీసు ఎన్ని దినములది, ఏ చిరునామాకు, ఏ విధముగా పంపవలెను? పోవువాడు చెల్లింపవలసినది ఎంత, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి వచ్చును? ఆపద కాలమునకు ఏర్పాటు కలదా? గడువు ఒక యేటికి మించినచో రిజిస్ట్రేషను ఎప్పుడు చేయింతురు? వీనిలో దేనికైనను “అది తరువాత చూచుకొందములే” అని సమాధానము వచ్చినచో, కలము క్రింద పెట్టుడు.

విడిపోవు నాటికిని ఒక మాట. తాళపు చెవి ఇచ్చి పుచ్చుకొను దినమున, ఏ తేదీన స్వాధీనము అప్పగింపబడినదో, ఎంత బాకీ కలదో లేదో, అడ్వాన్సులో ఎంత ముట్టినదో ఒక కాగితముపై వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. వ్రాత లేక చెవి పుచ్చుకొన్న యజమాని, తాను విడుదలకు సమ్మతింపలేదని పిమ్మట చెప్పుట కష్టము. వ్రాత లేక చెవి పడవేసి పోయిన బాడుగదారు, ఆ తరువాతి నెలల బాడుగకు జవాబు చెప్పవలసి వచ్చును. ఆ దినమునను సాక్షిగా మిమ్ములనే పిలుతురు. మొదటి కాగితము సరిగా వ్రాయించినచో, ఈ రెండవ కాగితము అరగంటలో ముగియును.